పోర్టు దుమ్ము, పొగ తగ్గించాలంటే చుట్టుపక్కల వాళ్లు ఏం చేయాలి?

విశాఖ పాత ఊళ్లో కిటికీ గట్టు మీద వేలితో గీస్తే నల్లటి గీత పడుతుంది. కోట వీధి, జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్, అటు మల్కాపురం, శ్రీహరిపురం, ఎక్కడ అడిగినా ఆడవాళ్లు ఒకటే చెప్తారు. ఆరేసిన బట్టలు దులిపి గానీ లోపలికి తేలేం, బిందె మీద మూత తీయలేం అని. బట్టల మీద దుమ్ము దులిపితే పోతుంది. పిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన దాన్ని ఎవరూ దులపలేరు. అందుకే ఇది రాస్తున్నాను.

విశాఖ పోర్టులోకి ఓడలు రావడం 1933లో మొదలైంది. బొగ్గు, ఇనుప ఖనిజం, మాంగనీసు, జిప్సం, ఎరువులు, అన్నీ ఇక్కడ ఎక్కుతాయి, దిగుతాయి. దక్షిణాన యారాడ కొండలు, డాల్ఫిన్స్ నోస్. ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి కొండలు. ఊరు మధ్యలో గిన్నె అడుగున ఉన్నట్టు ఉంటుంది. చలికాలంలో గాలి కదలనప్పుడు పొగ ఆ గిన్నెలోనే కూర్చుంటుంది.

ఈ పేటల నుంచి వెళ్లే అర్జీలు చాలావరకు ఒకే కారణంతో పక్కకు పోతాయని నా నమ్మకం. వాటిలో "కాలుష్యం ఎక్కువగా ఉంది, తగిన చర్యలు తీసుకోండి" అని మాత్రమే ఉంటుంది. దానికి "చర్యలు తీసుకుంటున్నాం" అనే ఒక్క ముక్క సరిపోతుంది. అదే ఫలానా తేదీ, ఫలానా గంట, ఫలానా సరుకు, అనుమతి కాగితంలో ఫలానా షరతు తప్పారు అని రాస్తే ఆ ముక్కతో పని జరగదు. కింద రాసినదంతా అలాంటి అర్జీ దాకా ఎలా వెళ్లాలో చెప్పడానికే. కృష్ణపట్నం, గంగవరం, కాకినాడ దగ్గర ఉండేవాళ్లకూ చాలావరకు ఇదే దారి. తేడా ఉన్న చోట చెప్తాను.

1. ముందు దుమ్మునీ పొగనీ విడదీయండి

రెండూ కలిపి "పొల్యూషన్" అనేస్తాం. కానీ అవి వచ్చే చోటు వేరు, ఆపే పద్ధతి వేరు, చేసే హాని కూడా వేరు.

దుమ్ము కుప్పల నుంచి, లారీల నుంచి, రైలు వ్యాగన్ల నుంచి, క్రేన్‌కి వేలాడుతూ సరుకు పట్టే పంజా, అంటే గ్రాబ్, నోరు తెరిచినప్పుడు సరుకు కింద పడే చోట నుంచి లేస్తుంది. దాని రంగే చాలా చెబుతుంది. నల్లగా ఉంటే బొగ్గు, ఎర్రగా ఉంటే ఇనుప ఖనిజమో బాక్సైటో, తెల్లగా ఉంటే జిప్సమో అల్యూమినానో, పసుపుగా ఉంటే గంధకం అని అనుమానించవచ్చు. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతుంది. ఇందులో పెద్ద రేణువులు ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. దగ్గు, కళ్ల మంట, ఆయాసం ఉన్నవాళ్లకు అది ఎక్కువ కావడం వీటి పనే. 10 మైక్రాన్ల కన్నా చిన్నవి ఇంకా లోపలికి వెళ్తాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). వాటినే పీఎం 10 అంటారు.

పొగ ఇంజిన్ల నుంచి వస్తుంది. బెర్త్ దగ్గర, అంటే సరుకు దింపే గట్టు దగ్గర ఆగిన ఓడ, దాన్ని లాగే టగ్గు, డీజిల్ క్రేన్లు, రైలు ఇంజిన్లు, గేటు బయట ఇంజిన్ ఆపకుండా నిలబడిన లారీలు. ఇందులో ఎక్కువ భాగం 2.5 మైక్రాన్ల కన్నా చిన్న రేణువులే, అంటే పీఎం 2.5. మన తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది, పోల్చి చూసుకోండి. ఇవి ఊపిరితిత్తుల చివరి సంచుల దాకా వెళ్లి రక్తంలోకి కూడా చేరతాయి. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచేవి ఇవే. డీజిల్ ఇంజిన్ పొగ మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చేసింది.

కంటికి కనపడేది దుమ్ము కాబట్టి జనం దాని గురించే గొడవ చేస్తారు. కనపడని పొగ గురించి ఎవరూ అడగరు. మీరు రెండూ అడగండి, కానీ వేర్వేరు కాగితాల మీద.

2. నెల రోజులు డైరీ రాయండి

ఒక్కరు రాస్తే చాలదు. పేటలో నాలుగు వైపులా నాలుగైదు ఇళ్లు ఎంచుకోండి. మేడ ఉన్న ఇల్లు, ఇంట్లో ఎవరో ఒకరు పగలంతా ఉండే ఇల్లు అయితే మంచిది. పాత నోటు పుస్తకం చాలు. రోజూ రాయాల్సినవి ఐదు: తేదీ, గంట, గాలి ఏ వైపు నుంచి, ఏ రంగు దుమ్ము లేదా ఏ వాసన, ఇంట్లో ఎవరికి ఏం ఇబ్బంది.

గాలి దిక్కు తప్పనిసరిగా రాయండి. తీగ మీద బట్ట ఎటు ఎగురుతోందో చూసినా తెలుస్తుంది. వేసవిలోనూ నైరుతి రుతుపవనాల కాలంలోనూ గాలి ఎక్కువగా నైరుతి వైపు నుంచి వీస్తుంది, అప్పుడు పోర్టు మీది దుమ్ము పాత ఊరి వైపు వస్తుంది. చలికాలంలో ఈశాన్యం నుంచి వీస్తే అది మల్కాపురం వైపు తిరుగుతుంది. పగలు సముద్రం గాలి, రాత్రి నేల గాలి దీన్ని మళ్లీ మారుస్తాయి. గాలి పోర్టు వైపు నుంచి వీచినప్పుడే దుమ్ము పడిందని మీ పుస్తకం చూపిస్తే, "అది రోడ్డు దుమ్మమ్మా" అనే మాటకు అక్కడే జవాబు దొరుకుతుంది.

మేడ మీద ఒక తెల్లటి టైలు పెట్టండి. పైన పల్చగా వాజిలిన్ రాసి, 24 గంటల తర్వాత పక్కన ఆ రోజు పేపరు పెట్టి, తేదీ కనపడేలా ఫోటో తీయండి. మళ్లీ తుడిచి పెట్టండి. రోజూ అదే చోట పెట్టాలి. వంటింటి పొగ, సందులో ఎగిరే మట్టి తగలని చోటు చూసుకోండి. ముప్పై ఫోటోలు వరసగా పేరిస్తే ఏ రోజు నల్లబడిందో చిన్నపిల్లలు కూడా చూపించగలరు.

ఇప్పుడు చిన్న గాలి మీటర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. కొనుక్కోగలిగితే కొనండి, కానీ రెండు సంగతులు గుర్తుంచుకోండి. సముద్రపు తేమ ఎక్కువున్న రోజు అవి పీఎం 2.5ని ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. బొగ్గు దుమ్ములాంటి పెద్ద రేణువుల్ని తక్కువ లెక్క వేస్తాయి. దారి చూపించడానికి పనికొస్తాయి, సాక్ష్యంగా నిలబడవు. నగరంలోని అధికారిక స్టేషన్ రీడింగు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్‌లో కనిపిస్తుంది, దాన్ని కూడా రోజూ పక్కన రాసుకోండి. మన దేశంలో 2009 నుంచి ఉన్న ప్రమాణాల ప్రకారం 24 గంటల సగటు పీఎం 10 ఘనపు మీటరుకి 100 మైక్రోగ్రాములు, పీఎం 2.5 అయితే 60 దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన అంకెలు 45, 15. స్టేషన్ మీ సందులో లేదు కాబట్టి అక్కడ బాగుందంటే మీ దగ్గర కూడా బాగున్నట్టు కాదు.

3. మీ డైరీని ఓడల జాబితా పక్కన పెట్టండి

చాలామందికి తెలియని పని ఇది, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది కూడా. పెద్ద పోర్టులు ఏ రోజు ఏ బెర్త్‌లో ఏ ఓడ ఉంది, ఏ సరుకు దింపుతోంది అనే జాబితాను తమ వెబ్‌సైట్‌లో పెడతాయి. దాచేదేమీ కాదు, వ్యాపారులకు రోజూ కావాల్సిన సమాచారం. దాన్ని రోజూ ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. పాతవి తర్వాత దొరక్కపోవచ్చు.

నెల తిరిగాక కూర్చుని టైలు నల్లబడిన రోజుల్ని, ఆ రోజుల్లో బెర్త్‌లో ఉన్న సరుకుని పక్కపక్కన రాయండి. బొగ్గు ఓడ ఉన్నప్పుడల్లా నల్లబడిందా, లేదా ఓడ లేని రోజు కూడా పడుతోందా? ఓడ లేకపోయినా పడుతోందంటే తప్పు దింపడంలో లేదు, కుప్పల్లోనో లారీల్లోనో రైల్వే సైడింగ్‌లోనో ఉంది. రెండు గంటల పనితో మీకు దొరికే ఈ సంగతి మీరు ఏం అడగాలో తేలుస్తుంది.

4. అనుమతి కాగితాలు తెప్పించుకోండి

బొగ్గు, ఖనిజం దింపే ప్రతి చోటుకీ ఏపీ కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సీఎఫ్ఓ ఉండాలి, అంటే నడపడానికి అనుమతి. 1981 నాటి వాయు చట్టం కింద ఇచ్చేది. పెద్ద విస్తరణలకు కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి కూడా ఉంటుంది. ఏమేం చేయాలో ఆ కాగితాల్లో షరతులుగా రాసి ఉంటుంది. మీ చేతిలో ఆ షరతులు ఉంటే అడగడం సులువు.

సమాచార హక్కు చట్టం కింద అడగండి. విశాఖ పోర్టు కేంద్రం కింద ఉంది కాబట్టి కేంద్ర ఆర్టీఐ పోర్టల్‌లో పది రూపాయలు కట్టి పెట్టొచ్చు. కాలుష్య నియంత్రణ మండలి రాష్ట్రానిది, దానికి వేరే దరఖాస్తు. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు ఫీజు లేదు. ప్రైవేటు పోర్టు కంపెనీ నేరుగా ఆర్టీఐ కిందకి రాదు. గంగవరం, కృష్ణపట్నం వాళ్లు ఏపీ మారిటైమ్ బోర్డునీ కాలుష్య నియంత్రణ మండలినీ అడగాలి. ఆ కాగితాలు వాళ్ల దగ్గరా ఉంటాయి.

ఆర్టీఐలో "ఎందుకు చేయలేదు" అని అడిగితే జవాబు రాదు. ఉన్న కాగితం ప్రతి అడగాలి. ఇలా రాయండి:

"బొగ్గు, ఖనిజాల ఎగుమతి, దిగుమతి, నిల్వకు ప్రస్తుతం అమల్లో ఉన్న సీఎఫ్ఓ ఉత్తర్వు ప్రతి, షరతులన్నిటితో సహా ఇవ్వగలరు. గత రెండు సంవత్సరాల్లో మండలి అధికారులు చేసిన తనిఖీ నివేదికల ప్రతులు ఇవ్వగలరు. పోర్టు ప్రాంగణంలోని గాలి నాణ్యత స్టేషన్ల రోజువారీ పీఎం 10, పీఎం 2.5 రీడింగులు గత పన్నెండు నెలలకు ఇవ్వగలరు. నీళ్లు చల్లే స్ప్రింక్లర్లు ఏ రోజు ఎన్ని గంటలు నడిచాయో తెలిపే లాగ్ బుక్కు ప్రతి ఇవ్వగలరు. పర్యావరణ అనుమతి షరతుల అమలుపై కేంద్ర శాఖకు పంపిన ఆరు నెలల నివేదికల ప్రతులు ఇవ్వగలరు."

చివరిది మర్చిపోకండి. 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం ఏటా జూన్ 1కీ, డిసెంబర్ 1కీ ఆ నివేదిక ఇవ్వాలి. మన రాష్ట్రానికి పర్యావరణ శాఖ ప్రాంతీయ కార్యాలయం విజయవాడలో ఉంది.

30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, లేదా సగం వస్తే, ఆ తర్వాతి 30 రోజుల్లో అదే సంస్థలోని పై అధికారికి మొదటి అప్పీలు. అది కూడా పనిచేయకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. చాలామంది మొదటి నిరాశ దగ్గరే ఆపేస్తారు, దయచేసి ఆపకండి. కాగితాలు స్వయంగా చూసే హక్కు కూడా ఈ చట్టంలోనే ఉంది. ఫైలు చాలా లావుగా ఉంటే వెళ్లి కూర్చుని చూసి, కావాల్సిన పేజీలకే డబ్బు కట్టండి.

5. ఏం అడగాలో తెలుసుకుని అడగండి

అధికారి ముందు కూర్చున్నప్పుడు "మీకేం కావాలి?" అని అడిగితే "కాలుష్యం ఆపండి" అన్నామనుకోండి, సంభాషణ అక్కడే అయిపోతుంది. అందుకే ఖర్చు లేనివి, తక్కువ ఖర్చువి, పెద్ద ఖర్చువి విడివిడిగా రాసుకుని వెళ్లండి.

ఖర్చు లేనివాటిలో మొదటిది గ్రాబ్ ఎత్తు. క్రేన్ గ్రాబ్ హాపర్‌కి (సరుకు పోసే పెద్ద గరాటుకి) దగ్గరగా దిగాక నోరు తెరిస్తే దుమ్ము తక్కువ లేస్తుంది, ఆదరాబాదరాగా పైనుంచే వదిలేస్తే మబ్బులా లేస్తుంది. లారీలో సరుకు అంచు కన్నా కిందనే ఉండాలి. వ్యాగన్లో పైభాగం చదును చేసి తడపాలి. గాలి వేగం ఒక హద్దు దాటితే కుప్పలు కదపడం, దింపడం ఆపాలి. ఆ హద్దు ఎంతో, దాన్ని కొలిచే మీటర్ ఎక్కడుందో, దాటినప్పుడు ఎవరు ఆపమంటారో అడగండి.

తక్కువ ఖర్చువి: ప్రతి లారీకీ చిరుగుల్లేని టార్పాలిన్, గేటు దగ్గర టైర్లు కడిగే తొట్టి, రోడ్డు మీద చీపురుకి బదులు పీల్చుకునే స్వీపింగ్ యంత్రం. పొడి చీపురుతో ఊడిస్తే కింద ఉన్నది మళ్లీ పైకి లేస్తుంది, ఊడ్చే కార్మికురాలి ఊపిరితిత్తుల్లోకే మొదట వెళ్తుంది. కుప్పల మీద నీళ్లు చల్లడం కూడా ఇందులోదే. విశాఖలో వేసవిలో తాగడానికే నీళ్ల టెన్షన్, కాబట్టి శుద్ధి చేసిన మురుగునీటిని పోర్టుకి ఇచ్చే ఏర్పాటు గురించి నగరపాలక సంస్థ జీవీఎంసీని కూడా అదే అర్జీలో అడగండి.

పెద్ద ఖర్చువి: కప్పు ఉన్న గోడౌన్లు, మూసిన కన్వేయర్లు (సరుకు మోసే బెల్టులు), కుప్పల చుట్టూ గాలిని అడ్డుకునే ఎత్తైన తెరలు, ఓడ నుంచి వ్యాగన్ దాకా మనిషి చేయి పడని యంత్రాలు. దుమ్ముకి అసలు మందు ఇదే. చెట్లు నాటామని చెప్తారు. చెట్లు మంచివే, కానీ మొక్క పెరిగి అడ్డం నిలబడేసరికి మీ అబ్బాయి హైస్కూలు దాటిపోతాడు. చెట్లను పై వాటికి బదులుగా ఒప్పుకోకండి.

ఇక్కడ చెన్నై సంగతి చెప్పాలి. రాయపురం చుట్టూ ఉండే జనం బొగ్గు దుమ్ము మీద ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నారు. 2011లో మద్రాస్ హైకోర్టు ఆదేశంతో చెన్నై పోర్టులో బొగ్గు, ఇనుప ఖనిజం దింపడం ఆగిపోయింది. సరుకు ఎన్నూరుకి వెళ్లింది. రాయపురానికి ఊరట. కానీ ఎన్నూరులో కూడా మనుషులే ఉన్నారు, అక్కడి మత్స్యకారులు ఇప్పుడు బొగ్గు, బూడిద మధ్య బతుకుతున్నారు. అందుకే "ఇక్కడి నుంచి తీసేయండి" అని మాత్రమే అడగడం నాకు మనసొప్పదు. ఎక్కడ దింపినా మూసి దింపండి అని అడగాలి.

పొగ సంగతికి వస్తే మొదట లారీలు. గేటు ముందు వరసలో ఇంజిన్ ఆన్‌లో పెట్టి గంటలు గంటలు నిలబడే లారీలకు టైమ్ స్లాటు, ఊరి బయట పార్కింగు ఇస్తే ఆ పొగ తగ్గుతుంది. స్కూలు మొదలయ్యే, వదిలే గంటల్లో ఆ రోడ్డున బండ్లు ఆపమని అడగండి. ఆ తర్వాత పోర్టు లోపల తిరిగే డీజిల్ క్రేన్లు, బండ్లు. వీటిని కరెంటుకి మార్చడం కొత్త కోరికేమీ కాదు. కేంద్ర ఓడరేవుల శాఖ 2023లో విడుదల చేసిన హరిత్ సాగర్ మార్గదర్శకాల్లోనే 2030 నాటికి సగానికి పైగా పరికరాలు, వాహనాలు కరెంటుతో నడవాలని లక్ష్యం ఉంది. మీ అర్జీలో ఆ పేరు రాయండి. ఏ సంవత్సరానికి ఎన్ని మార్చారో లెక్క అడగండి.

టగ్గులకు కూడా గ్రీన్ టగ్ పథకం 2024లో మొదలైంది. మొదటి విడతలో నవీ ముంబై దగ్గరి జేఎన్‌పీఏ, కాండ్లలోని దీన్‌దయాళ్, పారాదీప్, తూత్తుకుడి పోర్టులు ఉన్నాయి. మనది ఎప్పుడు అని అడగడంలో తప్పేముంది?

చివరికి ఓడలు. బెర్త్ దగ్గర ఆగాక కూడా ఓడలో లైట్లు, పంపులు, ఫ్రిజ్‌లు నడవాలి కాబట్టి ఒక ఇంజిన్ రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది. 2020 జనవరి 1 నుంచి ఓడ ఇంధనంలో గంధకం 0.5 శాతం దాటకూడదు, అంతకు ముందు 3.5 శాతం దాకా ఉండేది. మన బండ్లకు పోసే బీఎస్ 6 డీజిల్‌లో గంధకం పది లక్షల్లో పది పాళ్లే. అంటే ఈ తగ్గించిన ఓడ ఇంధనంలో కూడా మన లారీ డీజిల్ కన్నా 500 రెట్లు గంధకం ఉండొచ్చు. దీనికి మందు ఒడ్డు నుంచి కరెంటు ఇచ్చి ఓడ ఇంజిన్ ఆపేయడం. షోర్ పవర్ అంటారు. మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా ఓడలది 60, కాబట్టి మార్చే యంత్రం కావాలి, ఖర్చు ఎక్కువ. అందుకని ముందు పోర్టు సొంత టగ్గులు, చిన్న పడవలు ఆగినప్పుడు తప్పనిసరిగా ఒడ్డు కరెంటు వాడాలని అడగండి. తరచుగా వచ్చే ఓడలున్న బెర్త్‌లకు తర్వాత.

ఇది జరిగే పనేనా అనుకునేవాళ్లకు లాస్ ఏంజెలెస్ చూపించండి. 2001లో అక్కడ శాన్ పెడ్రో ఇళ్లవాళ్లు పర్యావరణ సంఘంతో కలిసి కొత్త కంటైనర్ టెర్మినల్ మీద కోర్టుకెళ్లారు. చివరికి కుదిరిన రాజీ ఫలితంగా 2004లో అదే టెర్మినల్లో కంటైనర్ ఓడలకు ఒడ్డు కరెంటు వచ్చింది. 2006లో పక్కనున్న లాంగ్ బీచ్ పోర్టుతో కలిపి గాలి శుభ్రత ప్రణాళిక పెట్టారు. 2008 అక్టోబర్ 1 నుంచి 1989 కన్నా పాత లారీల్ని లోపలికి రానివ్వలేదు. 2005తో పోలిస్తే ఆ పోర్టులో డీజిల్ రేణువులు 80 శాతానికి పైగా తగ్గాయి, వ్యాపారం మూతపడలేదు. ఇదంతా వీధిలో ఉండే మామూలు మనుషులు పట్టుబట్టడంతో మొదలైందని చెప్పినప్పుడల్లా నాకు ధైర్యం వస్తుంది.

6. పోర్టు కార్మికుల్ని మీ వైపు కూర్చోబెట్టుకోండి

మీ పేటలో సగం ఇళ్లకు అన్నం పెట్టేది పోర్టే. కళాసీలు, జట్టు కూలీలు, లారీ డ్రైవర్లు, క్లీనర్లు మీ అన్నదమ్ములే. "పోర్టు మూసేయమంటున్నారు" అనే మాట ఒక్కసారి పాకితే మీ సంఘం రెండుగా చీలిపోతుంది. అందుకని మొదటి మీటింగుకే యూనియన్ పెద్దల్ని పిలవండి. మనకన్నా ఎక్కువ దుమ్ము పీల్చేది వాళ్లే, ఎనిమిది గంటలు కుప్ప పక్కనే ఉంటారు. స్ప్రింక్లర్ ఏ షిఫ్టులో ఆపేస్తారో, గ్రాబ్ ఎందుకు పైనుంచి వదలాల్సి వస్తుందో వాళ్లకే తెలుసు. వాళ్లు చెప్పింది రాసుకోండి, వాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా రాయకండి.

7. అర్జీ ఎక్కడ ఇవ్వాలి

వరస పాటించండి. మొదట పోర్టు పర్యావరణ విభాగానికి, అదే రోజు కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి. రెండు చోట్లా రసీదు స్టాంపు వేయించుకోండి. స్టాంపు లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క. పదిహేను రోజులు చూసి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమం పీజీఆర్ఎస్‌లో ఇవ్వండి, అక్కడ నంబర్ వస్తుంది. కేంద్ర శాఖకు కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో పెట్టొచ్చు.

ఒకసారి మేం పదకొండు పేజీల అర్జీ పట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్తే, ఆ గుమాస్తా మొదటి పేజీ కూడా తిప్పలేదు. చాలా బాధేసింది. ఆ తర్వాత నుంచి అర్జీ ఒక్క పేజీ, మిగతాదంతా జతపరచిన పట్టిక. పట్టికలో నాలుగు గడులు: తేదీ, గంట, మేం చూసినది, తప్పిన షరతు నంబరు. దాన్ని చూసినవాళ్లు తప్పకుండా ఆగి చదువుతారు.

జీవీఎంసీని వదలకండి. 2019లో మొదలైన జాతీయ శుభ్రమైన గాలి పథకంలో విశాఖ ఉంది. పది లక్షలు దాటిన నగరం కాబట్టి గాలి కోసం 15వ ఆర్థిక సంఘం నిధులు కూడా వచ్చాయి. ఆ డబ్బులో పోర్టు చుట్టూ ఉన్న వార్డులకు ఎంత ఖర్చు పెట్టారో మీ కార్పొరేటర్ చేత కౌన్సిల్లో అడిగించండి.

ఇవన్నీ అయ్యాకే జాతీయ హరిత ట్రిబ్యునల్. మనకు దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. నష్టపరిహారం అడగని దరఖాస్తుకు ఫీజు వెయ్యి రూపాయలు, వ్యవహారం తలెత్తిన ఆరు నెలల్లోపు వెళ్లాలి. అప్పటికి మీ డైరీ, టైలు ఫోటోలు, ఆర్టీఐ జవాబులు, స్టాంపు వేసిన అర్జీలు వరసగా ఉంటే లాయరుకి పని సగం అయిపోయినట్టే.

8. విస్తరణ అంటే వెంటనే మేలుకోండి

కొత్త బెర్త్, కొత్త యార్డు అంటే చాలాసార్లు ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు. కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన ఇవ్వాలి, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి. కలెక్టరో ఆయన ప్రతినిధో అధ్యక్షత వహిస్తారు, వీడియో తీస్తారు. మూలపేట, రామాయపట్నం, మచిలీపట్నం లాంటి కొత్త పోర్టుల దగ్గరి ఊళ్లకు ఇది మరీ ముఖ్యం. కట్టాక మార్చడం కన్నా కట్టకముందే షరతు రాయించడం వంద రెట్లు తేలిక. మాట్లాడేటప్పుడు ఆవేశం వస్తుంది, రావాలి కూడా. కానీ "బొగ్గు మూసిన కన్వేయర్లోనే కదలాలని షరతు పెట్టండి" అనే వాక్యం ఒకటి తప్పకుండా పలకండి, రాసి కూడా ఇవ్వండి. సమావేశం రికార్డులోకి (మినిట్స్‌లోకి) ఎక్కేది అదే.

9. ఈలోగా ఇంట్లో

పోర్టు మారడానికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా పిల్లల్ని, పెద్దవాళ్లని కాపాడుకోవాలి.

గాలి పోర్టు వైపు నుంచి వీస్తూ సరుకు దిగుతున్న గంటల్లో ఆ వైపు కిటికీలు మూయండి, గాలి తిరిగాక తెరవండి. మీ డైరీ చూస్తే ఏ గంటల్లో మూయాలో మీకే తెలిసిపోతుంది. పొడి చీపురు మానేసి తడిగుడ్డతో తుడవండి. చలికాలం తెల్లవారుజామున పొగ కిందనే ఉంటుంది, నడక ఎండ ఎక్కాక పెట్టుకోండి. చేతిరుమాలు, గుడ్డ మాస్కు పొగ రేణువుల్ని ఆపవు. తప్పనిసరైతే ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 వాడండి. తలుపులన్నీ మూసి లోపల దోమల చుట్ట వెలిగిస్తే బయటి పొగ కన్నా అదే ఎక్కువ హాని చేస్తుంది.

ఆయాసం, రాత్రి దగ్గు, పిల్లికూతలు ఉన్నవాళ్లని కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఛాతీ ఆసుపత్రికో తీసుకెళ్లి ఊపిరి పరీక్ష చేయించండి. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని మానేస్తుంటారు. అది అపోహ, దానివల్ల పిల్లలు నరకం పడుతున్నారు. డాక్టర్‌కి మీరు ఉండే పేట, పోర్టుకి దూరం, చేసే పని చెప్పి చీటీ మీద రాయమనండి. ఆశా కార్యకర్తతో మాట్లాడి, వీధిలో ఎంతమందికి ఆయాసం ఉందో ఇంటి పేర్లు లేకుండా ఒక లెక్క రాయించండి. అది కూడా అర్జీకి జతవుతుంది.

10. చేశాం అన్నాక చూడండి

"స్ప్రింక్లర్లు పెట్టాం" అని జవాబు వస్తే సంతోషించి ఊరుకోకండి. మే నెల మధ్యాహ్నం రెండింటికి, ఆదివారం, రాత్రి మూడో షిఫ్టులో అవి తిరుగుతున్నాయా? లాగ్ బుక్కు మళ్లీ ఆర్టీఐలో అడగండి. టార్పాలిన్ లేని లారీల్ని ఒక గంట సేపు రోడ్డు పక్క నిలబడి లెక్కపెట్టండి: నెలకోసారి, అదే చోట, అదే గంటలో. ఫోటో తీస్తే డ్రైవర్ ముఖం పడకుండా తీయండి, తప్పు అతనిది కాదు. మేడ మీద టైలు తీసేయకండి. మొదటి ఏడాది మే నెల ఫోటోల పక్కన రెండో ఏడాది మే నెల ఫోటోలు పెట్టి, తేడా ఉంటే ఉందని, లేకపోతే లేదని అదే ఆఫీసుకి ఒక్క పేజీ రాయండి. తగ్గితే తగ్గిందని రాయడం కూడా ముఖ్యం. అప్పుడే తర్వాతి అర్జీకి విలువ ఉంటుంది.